తూటాల్లో మొగ్గు తూకం

పోయినవాళ్ళ గురించి మైకులో మాట్లాడేటప్పుడు కొంచెం తీపి ఎక్కువ వేస్తారని నాకు తెలుసు. కానీ మొన్న డాలస్ పక్కనున్న ప్లేనోలో అన్నయ్య గారి సంతాప సభలో వేసిన తీపికి నాకు వెగటు పుట్టింది. ఒక పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుంటూ లేచి, "ఎనభైల మొదట్లోనే భార్యకి రివాల్వర్ కాల్చడం నేర్పించిన ప్రోగ్రెసివ్ మనిషండీ ఆయన. ఆయనంత జాగ్రత్తపరుణ్ణి నేను చూడలేదు" అన్నాడు. నాకు దగ్గు వచ్చింది. మా వారు నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కారు. నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. గొంతు బాగోలేదన్నాను. గొంతు నిక్షేపంలా ఉంది, నా దగ్గరున్న మాటలే సభకు పనికొచ్చేవి కావు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళెవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. ఆయనకన్నా పెద్దవాళ్ళకు కూడా ఆయన అన్నయ్య గారే. ఫోన్ల పరికరాలు చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. అది పగలు. సాయంత్రాలూ శని ఆదివారాలూ ఆయన మా అందరికీ ఇంజనీరు. కారులో ఆయిల్ ఎప్పుడు మార్చాలో, ఇల్లు ఏ దిక్కున కొనాలో, పిల్లల దగ్గుకు ఏ మందు వెయ్యాలో ఆయనే చెప్పేవారు. నేను డాక్టర్నన్న సంగతి ఆ చివరి విషయంలో ఆయనకు అడ్డు రాలేదు.

మాట్లాడే ముందు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ పెట్టుకునేవారు. అంతసేపూ గదిలో అందరూ గరిటెలు పట్టుకుని ఆగాల్సిందే. తర్వాత, "కళ్ళుంటే చాలదమ్మా, చూడటం రావాలి" అనేవారు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

అన్యాయం మాట్లాడకూడదు. ఆ ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. మంచు గడ్డకట్టిన ఒక పొద్దున నా కారు హైవే పక్కన ఆగిపోతే, నా భర్త కంటే ముందు ఆయన వచ్చారు. వచ్చి, కారు బాగుచేసి, అలాంటి కారు కొన్నందుకు నాకు అరగంట క్లాసు పీకారు. సాయం చెయ్యడం ఆయనకు నిజంగానే ఇష్టం. సాయం తీసుకునేవాళ్ళు నోరు మూసుకుని ఉంటే ఇంకా ఇష్టం.

ఒక శనివారం అందరం ఒకరింట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఉండగా, ఇంకొక తెలుగువాళ్ళ ఇంట్లో దొంగలు పడి బంగారం ఊడ్చుకుపోయారు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. ఆ మర్నాటికల్లా అన్నయ్య గారు రివాల్వర్ కొన్నారు. నెల తిరిగేసరికి ఆ విద్యలో ఆయన ఆచార్యుడైపోయారు. నేను అప్పుడు ఆస్పత్రిలో పెథాలజీ రెసిడెంటుని, వేళాపాళా లేకుండా ఒక్కదాన్నే కారేసుకుని తిరిగేదాన్ని. అందుచేత నేర్చుకోవాల్సినవాళ్ళలో మొదటి పేరు నాది. నన్నెవరూ అడగలేదు.

గురి చూసి కాల్చడం వరకూ అయితే ఈ కథే లేదు. ఆయన దృష్టి ఖాళీ గొట్టాల మీద పడింది. తూటా పేలాక సీసం ఎగిరిపోతుంది, మందు కాలిపోతుంది, ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. దాని అడుగున ప్రైమర్ అనే చిన్న రేకు బిళ్ళ ఉంటుంది. దాన్ని గన్నులోని సూది పొడిస్తేనే నిప్పు పుడుతుంది. ఆ కాలిపోయిన బిళ్ళ తీసి కొత్తది పెట్టి, మందు పోసి, పైన సీసం బిగిస్తే గొట్టం మళ్ళీ తూటా అవుతుంది. దీన్ని రీలోడింగ్ అంటారు. కాల్చడం సాధన చేసే రేంజిలో అమెరికన్లు ఇత్తడిని కాళ్ళ కింద వదిలేసి పోవడం చూసి ఆయనకు కడుపు తరుక్కుపోయింది.

"ఇత్తడమ్మా! మా ఇంట్లో ఇత్తడి చెంబుకి సొట్టపడితే మా అమ్మ అన్నం మానేసేది. వీళ్ళు తొక్కుకుంటూ పోతున్నారు!" అని ఆయన రేంజిలో వంగి వంగి ఏరుకునేవారు. పక్కనున్న టోపీ పెట్టుకున్న భారీ మనుషులు కాళ్ళు ఎత్తి దారిచ్చేవారు.

గరాజ్‌లో వదిన కుట్టుమిషను బల్ల ఉండేది. వదినంటే అన్నయ్య గారి భార్య. ఆ చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆవిడ చేతివే. సూదిలోకి దారం చూపు ఆన్చకుండానే ఎక్కించేది. కొలత టేపు తియ్యకముందే మనిషిని ఒక్కసారి ఎగాదిగా చూసి, "భుజం కొంచెం తగ్గావే" అనేది. ఆ బల్ల మీద అన్నయ్య గారు రీలోడింగ్ ప్రెస్సు తెచ్చి బోల్టులతో బిగించారు. మిషను వాషింగ్ మెషీన్ పక్కకు జరిగింది. అడిగితే, "ఆయనకి వెలుతురు కావాలిట" అంది వదిన.

ఇక పార్టీలన్నిటిలోనూ ఒకటే పాఠం. ప్రెషర్ సైన్లు, అంటే ఒత్తిడి గుర్తులు. గొట్టంలో మందు ఎక్కువైతే లోపల ఒత్తిడి పెరుగుతుంది, మరీ పెరిగితే రివాల్వర్ చేతిలోనే పగులుతుంది. పగిలే ముందు గొట్టం కొన్ని గుర్తులు చూపిస్తుంది. అంచులు గుండ్రంగా ఉండాల్సిన ప్రైమర్ బిళ్ళ అణిగి చదునైపోతుంది. సూది దిగిన గుంట చుట్టూ గట్టు లేస్తుంది. గొట్టం ఉబ్బి, గన్‌లోంచి రానని మొండికేస్తుంది. రీలోడింగ్ పుస్తకం ఒకటి కొని చదివిన అన్నయ్య గారికి ఈ గుర్తులు కంఠతా వచ్చు. మనం పులిహోర కలుపుకుంటూ ఉంటే ఒక ఖాళీ గొట్టం మన ముక్కు కింద పెట్టి, జేబులోంచి భూతద్దం తీసి, "ఏం కనపడుతోంది?" అని అడిగేవారు. ఏం చెప్పినా తప్పే. రివాల్వర్ లాంటి హ్యాండ్‌గన్లలో ఈ గుర్తులు ఆలస్యంగా కనిపిస్తాయనీ, కనిపించేసరికి హద్దు దాటిపోయి ఉండవచ్చనీ ఆ పుస్తకంలోనే ఇంకో పేజీలో ఉంది. ఆ పేజీ ఆయన ఎవరికీ చదివి వినిపించలేదు. నేను తర్వాత చూసుకున్నాను.

ఇతరుల గొట్టాల్లో ఆయనకు గుర్తులు ఇట్టే దొరికేవి. ఒకసారి రేంజిలో పక్క బల్ల దగ్గరి మనిషి గొట్టం ఏరి, భూతద్దంలో చూసి, ఆ మనిషికి ప్రాణాపాయం ఉందని ఇంగ్లీషులో తెలియజేశారు. అతను, "యెస్ సర్, థాంక్యూ సర్" అని, సామాను సర్దుకుని, మాకు దూరంగా చివరి బల్లకు వెళ్ళిపోయాడు.

సొంత గొట్టాల సంగతి వేరు. మొట్టమొదట ఆయన తయారుచేసిన తూటాలు కాల్చిన రోజున గొట్టాలు రివాల్వర్‌లోంచి ఊడి రాలేదు. ఇంటికి తెచ్చి, గొట్టాల్ని బయటికి నెట్టే కడ్డీని వదిన అప్పడాల కర్రతో కొట్టి ఊడగొట్టారు.

"ఇది ప్రెషర్ సైన్ కాదా అన్నయ్య గారూ?" అన్నాను.

"కాదమ్మా. గన్ను కొత్తది. కొత్త చెప్పులు కరవవూ? అంతే."

"కంపెనీ తూటాలైతే జారి వచ్చేశాయి కదా?"

"వాళ్ళు లాయర్లకి భయపడి మందు తగ్గించి పోస్తారు. అందుకని జారతాయి."

ఇలా ప్రతి గుర్తుకూ ఆయన దగ్గర ఒక సమాధానం తయారు. చెయ్యి జుమ్మంటే గాలి పొడిగా ఉందనేవారు. చప్పుడు పెద్దదైతే రేంజి షెడ్డు రేకులదనేవారు.

అసలు తమాషా కడగడంలో ఉంది. రేంజిలో ఏరినవీ, తాను కాల్చినవీ అన్నీ కలిపేవారు. ఎవరెవరి చేతుల్లోంచి వచ్చినవో, ఎంగిలివని ఆయన పట్టింపు. కడగనిదే గడప దాటకూడదు. అందుకని గరాజ్‌లోనే ముందు కాలిన ప్రైమర్ బిళ్ళలన్నీ పొడిచి తీసేసి, ఒక పాత పెరుగు డబ్బాలో పారేసేవారు. ఆ తర్వాత గొట్టాలను చింతపండు రసంలో నానబెట్టేవారు. ఇండియన్ షాపులో చింతపండు అయిపోతే, మెక్సికన్ షాపుకు వెళ్ళి కాయలు తెచ్చేవారు. తోమడం మాత్రం వదిన వంతు. దేవుడి దీపాలు తోమినట్టు ఒక్కొక్కటే తోమి, పాత చీర మీద ఎండబెట్టేది. అవి బంగారంలా మెరిసేవి. అప్పుడు ఆయన స్నానం చేసి, డైనింగ్ టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి, భూతద్దంతో పరీక్షకు కూర్చునేవారు.

"చూశావా డాక్టరమ్మా? ఒక్క సైన్ లేదు!"

ఎలా ఉంటాయి? గుర్తులు మొట్టమొదట కనిపించేది బిళ్ళ మీద. బిళ్ళలేమో పెరుగు డబ్బాలో ఉన్నాయి. గొట్టం మీద మసి, గీత, మెరుపు ఏమన్నా మిగిలి ఉంటే చింతపండు వాటి సంగతి చూసుకుంది. మా ల్యాబులో ఎవరైనా రోగి ఒంట్లోంచి తీసి పంపిన ముక్కను శుభ్రంగా రుద్ది కడిగి, ఆ తర్వాత జబ్బుందా అని చూస్తే, ఆ రోజే ఇంటికి పంపేస్తారు. ఆ మాటే ఆయనతో చెప్పాను.

"మెటల్ అంతా ఒకటే సిస్టమ్ అమ్మా. ఒకచోట స్ట్రెస్ ఉంటే అంతటా తెలుస్తుంది. నువ్వు రక్తమాంసాలు చూసేదానివి. ఇది వేరే సబ్జెక్టు."

నాకు ఒళ్ళు మండింది. పెరుగు డబ్బాలోంచి గుప్పెడు బిళ్ళలు కాగితంలో పొట్లం కట్టుకుని ఆస్పత్రికి పట్టుకుపోయాను. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, చాలావాటికి అంచుల గుండ్రం లేదు. పిండి మీద గ్లాసు బోర్లించి నొక్కినట్టున్నాయి. కంపెనీ తూటా బిళ్ళ ఒకటి పక్కన పెట్టి చూస్తే చిన్నపిల్లలకు కూడా తేడా తెలుస్తుంది.

మర్నాడు సాయంత్రమే వాళ్ళ గరాజ్‌కు వెళ్ళాను. వదిన చింతపండు పిసుకుతోంది. అన్నయ్య గారు మందు తూస్తున్నారు. చిన్న తక్కెడ, ఒకవైపు పళ్ళెం, ఇంకోవైపు సున్నా గీత దగ్గర ఆగాల్సిన ముల్లు. ముల్లు గీత మీదికి వచ్చి ఆగింది. ఆయన ఇంకొన్ని పలుకులు రాల్చారు. ముల్లు గీత దాటి పైకి లేచింది. అప్పుడు తృప్తిగా తల ఊపి, మందు గొట్టంలో పోశారు. ఇంకొకటి తూచారు. మళ్ళీ అదే.

"గీత దాటిపోయింది కదా అన్నయ్య గారూ?"

ఆయన నా వంక జాలిగా చూశారు. "అది మొగ్గు అమ్మా. మా నాన్న తెనాల్లో కిరాణా కొట్టు నడిపాడు. సరిసమానంగా తూచి ఇవ్వడం ఆయన జన్మలో లేదు. పప్పైనా ఉప్పైనా సరుకు వైపు కొంచెం మొగ్గాలి. సమానంగా తూస్తే దరిద్రం."

"ఇక్కడ సరుకు కొనేవాడెవడు?" అన్నాను.

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. నేను పొట్లం విప్పి బిళ్ళలు బల్ల మీద పోసి, మైక్రోస్కోప్‌లో చూసిందంతా చెప్పాను. మందు ఎక్కువవుతోందనీ, గన్ను పగిలితే వేళ్ళూ కళ్ళూ పోతాయనీ, ఆస్పత్రిలో అలాంటి చెయ్యి ఒకటి నేను చూశాననీ చెప్పాను. వదిన పిసకడం ఆపి వింది.

"ఏవండీ, ఆ పిల్ల చెప్పేది కాస్త వినకూడదూ?" అంది.

అన్నయ్య గారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. వెలుతురుకు ఎత్తి చూశారు. "సరే. ఆదివారం రేంజికి వస్తున్నావుగా, నువ్వే కాల్చి చూడు. అప్పుడు మాట్లాడదాం."

"నేను కాల్చను. నా చేతులతో నాకు పనుంది."

ఆయన ముఖం మాడిపోయింది. శిష్యురాలు ఎదురు తిరిగితే ఏ గురువుకైనా అంతేనేమో. "అయితే మీ వదిన కాలుస్తుంది. ఆదివారం అందరి ముందూ ఈ తూటాలే కాలుస్తుంది. అప్పటికైనా నమ్ముతావా?" అన్నారు.

ఆవిడ చేతులతో మాత్రం ఎవరికీ పని లేనట్టు! అప్పుడు వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వదిన చింతపండు పిప్పి తీసి బయట పారబోసి వచ్చింది.

శనివారం ఫోన్ చేశాను. "జ్వరమని చెప్పండి వదినా. నేను సర్టిఫికెట్ కూడా రాసిస్తాను."

"పార్టీలో నలుగురికీ చెప్పేశారే. నేను రానంటే ఆయన మాటేం కాను?" అంది వదిన. "అంత ప్రమాదమైతే నా చేతికిస్తారా? ముప్పై ఏళ్ళ కాపురం కాకపోయినా, పదిహేనేళ్ళదే" అంది. ఆవిడ నా మాట కొట్టెయ్యలేదు, ఆయన మాట తియ్యలేదు. ఆయన మీద నమ్మకం ఒక్కటే పెట్టుకుని రేపటి దాకా ఆగింది.

ఆదివారం పొద్దున మేమూ వెళ్ళాం. ఎలాగైనా ఆపించాలని మా వారితో చెప్పి మరీ తీసుకెళ్ళాను. రేకుల షెడ్డు, లావుపాటి సిమెంటు స్తంభాలు, ముందు బల్లలు. వదిన ఆ రోజు పంజాబీ డ్రెస్సు వేసుకుంది, దానిమీద అన్నయ్య గారి స్వెట్టరు. ఆయన మామూలుగా అయితే మొదటి వరస తానే కాల్చేవారు. ఆ రోజు భుజం పట్టేసిందన్నారు.

ఆయన నేర్పే పద్ధతి ఒకటుంది. నేర్చుకునేవాళ్ళ భుజానికి భుజం ఆనేంత దగ్గరగా నిలబడేవారు. మోచెయ్యి కిందనుంచి పట్టుకునేవారు. ఆయన రాసుకున్న తలనూనె వాసన కూడా తెలిసేది. నాకు నేర్పినన్నాళ్ళూ కంపెనీ తూటాలతో అలాగే నిలబడ్డారు. ఎంత విసుక్కున్నా జరిగేవారు కారు.

ఆ రోజు రివాల్వర్‌లో తన తూటాలు నింపి వదిన చేతికిచ్చారు. చెవులకు మఫ్లు పెట్టారు. కళ్ళద్దాలు సరిచేశారు. "మోచెయ్యి వంచకు. ఊపిరి బిగపట్టకు. చిన్నగా నొక్కు" అన్నారు. అని ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంకొకటి వేశారు. నేను ఆయన్నే చూస్తున్నాను. చేతులు వెనక్కి కట్టుకుని, షెడ్డు పైకప్పు పరిశీలిస్తున్నట్టు తల ఎత్తి, పక్కకు నడుచుకుంటూ వెళ్ళి సిమెంటు స్తంభం వెనకాల ఆగారు. అక్కణ్ణుంచి ముఖం సగం బయట పెట్టారు.

"వదినా, ఆగండి!" అని అరుస్తూ ముందుకు వెళ్ళాను. మఫ్ల వల్ల ఆవిడకు వినపడలేదు. ఆవిడ మాత్రం రివాల్వర్ లక్ష్యం వైపే ఉంచి, "ఇప్పుడాండీ?" అంటూ తల తిప్పి భుజం పక్కకు చూసింది.

అక్కడ ఎవరూ లేరు.

వదిన ఇంకొంచెం తల తిప్పింది. స్తంభాన్ని చూసింది. స్తంభం పక్కన ఒక కళ్ళజోడు అద్దం, సగం మీసం.

"కానీ, కానీ! నేను ఇక్కణ్ణుంచి యాంగిల్ చూస్తున్నా!" అని అన్నయ్య గారు చేత్తో సైగ చేశారు.

ఆవిడ ఆయన్ని చూసిన చూపు నాకు తెలుసు. జాకెట్టుకు కొలత తీసుకోబోయే ముందు మనిషిని అలాగే చూస్తుంది. తర్వాత రివాల్వర్ను, ఆయన నేర్పినట్టే, మూతి ముందుకు ఉండేలా బల్ల మీద పెట్టింది. మఫ్లు తీసి మేకుకు తగిలించింది. షెడ్డులోంచి బయటికి నడిచింది.

"ఏమైంది? భయమా?" అంటూ అన్నయ్య గారు స్తంభం వెనకనుంచి వచ్చారు. "ఇంత సులువైన పనికి..."

వదిన వెనక్కి తిరగలేదు. మా వారు తూటాలన్నీ బయటికి తీసి రేంజి మనిషి చేతిలో పెట్టి, వీటిని పారెయ్యమని చెప్పారు. అన్నయ్య గారు వద్దనలేదు. కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టి, చాలాసేపు తుడుస్తూనే ఉన్నారు.

వదిన మా కారులో వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. ఆయన తన కారులో ఒక్కరే బయల్దేరారు. హైవే ఎక్కాం. నాకు లోపల్లోపల ఉడుకుతోంది. మైక్రోస్కోప్ సంగతీ, తక్కెడ సంగతీ మళ్ళీ మొదటినుంచి చెప్పబోయాను. బిళ్ళలు ఎలా చదునయ్యాయో, ఎందుకయ్యాయో, ఈసారి ఆవిడకు బాగా అర్థమయ్యేలా చెప్దామనుకున్నాను.

వదిన నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. చింతపండు పులుపుకు వేళ్ళ చివరలు ముడతలు పడి ఉన్నాయి.

"నువ్వు చెప్పిందీ నాకు తెలీలేదమ్మా, ఆయన చెప్పిందీ తెలీలేదు" అంది. "ఆయన ఎక్కడ నిలబడ్డారో చూశాను."